దిద్దిన పేపర్లు చెప్పే సంగతి

ఆరో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలకు గణితంలో ఏమేం రావాలో చెబుతూ ఎన్‌సీఈఆర్‌టీ 2017లో ఒక పత్రం ప్రచురించింది. అందులో వైశాల్యం గురించి ఉన్న మాట చాలా తేలికైనది. చుట్టుపక్కల కనిపించే దీర్ఘచతురస్రాకారపు వస్తువుల చుట్టుకొలతనూ వైశాల్యాన్నీ పిల్లలు కనుక్కోగలగాలి. ఉదాహరణలుగా తరగతి గది నేలనూ, సుద్దముక్కల పెట్టె పైభాగాలనూ చూపారు. ఇక బడిలో పెట్టే పరీక్షలో సాధారణంగా కనిపించే ప్రశ్న చూడండి: పొడవు 8 సెం.మీ., వెడల్పు 5 సెం.మీ. ఉన్న దీర్ఘచతురస్ర వైశాల్యం ఎంత? ఎనిమిదైదులు నలభై. రెండు మార్కులు పడ్డాయి. ఆ రెండు మార్కులు తెచ్చుకున్న పిల్ల నేలను కొలవలేదు, పెట్టెను చేతిలోకి తీసుకోలేదు. ఆమెకు ఎక్కం వచ్చు. వైశాల్యమంటే ఏమిటో తెలుసో లేదో ఆ పేపరు దిద్దిన మాస్టారికి తెలిసే దారి లేదు.

ప్రమాణం ఒకటి అడుగుతుంది, పరీక్ష ఇంకొకటి కొలుస్తుంది. ఈ రెంటి మధ్య దూరం తగ్గించే పని ఎవరిది? దాన్ని ఎక్కడ, ఎవరి దగ్గర నేర్చుకోవాలి? పరీక్షల తేదీల మీద, మార్కుల విధానం మీద, బోధనా మాధ్యమం మీద మన రాష్ట్రంలో జరిగినంత చర్చ ఈ ప్రశ్న మీద జరగలేదు.

ఏ పరీక్ష దేనికో విశాఖ వాసులకు బోధపడటానికి ఉక్కు కర్మాగారం చాలు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న బ్లాస్ట్ ఫర్నేసుల నుంచి వచ్చిన ద్రవ ఇనుము ఉక్కుగా మారే క్రమంలో, పోత పోయడానికి ముందే నమూనా తీసి ప్రయోగశాలకు పంపుతారు. కార్బన్ ఎంత, మాంగనీసు ఎంత, గంధకం, భాస్వరం ఎంతెంత ఉన్నాయో చూస్తారు. తేడా ఉంటే కావాల్సిన మిశ్రలోహాలు అక్కడికక్కడే కలుపుతారు. ఉక్కు ఇంకా వేడిగా, ద్రవంగా ఉంది కనుక సరిదిద్దడం సాధ్యం. కడ్డీ తయారై చల్లారాక చేసే పరీక్షకు వేరే ప్రయోజనం ఉంది. ఏది పనికొస్తుంది, ఏది రాదు అన్న లెక్క దానితో తేలుతుంది. బడిలో మొదటి రకం పరీక్షను నిర్మాణాత్మక మూల్యాంకనమనీ రెండోదాన్ని సంగ్రహణాత్మక మూల్యాంకనమనీ అంటారు. స్టాఫ్ రూముల్లో వాడుక మాటలు ఎఫ్‌ఏ, ఎస్‌ఏ. ఎఫ్‌ఏ పెట్టేది పిల్లవాడి చదువు ఇంకా వేడిగా ఉన్నప్పుడే సరిచేయడానికి. కానీ మన బళ్లలో అది ఎక్కువగా చిన్న ఎస్‌ఏగానే మిగిలిపోయింది.

ప్రమాణాల కొరత మనకు ఎన్నడూ లేదు. 1990ల ఆరంభంలో దవే కమిటీ నివేదికతో కనీస అభ్యసన స్థాయిలు వచ్చాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011లో పాఠ్యప్రణాళికా చట్రం రాసుకున్నాక వచ్చిన పాఠ్యపుస్తకాల్లో విద్యాప్రమాణాలు అనే మాట స్థిరపడింది. తెలుగులో వినడం, మాట్లాడటం మొదలుకొని స్వీయరచన, సృజనాత్మకత, ప్రశంస దాకా, గణితంలో సమస్యా సాధన, కారణాలు చెప్పడం, వ్యక్తపరచడం, అనుసంధానం అంటూ, సామాన్యశాస్త్రంలో ప్రశ్నించడం, ప్రయోగాలు, బొమ్మలు గీయడం అంటూ సబ్జెక్టుకో వరస. 2017లో విద్యాహక్కు చట్టం నియమాలను సవరించి అభ్యసన ఫలితాలను అందులో చేర్చారు. 2021 జులైలో కేంద్రం నిపుణ్ భారత్‌ను ప్రారంభించింది. 2026-27 నాటికి మూడో తరగతి దాటే ప్రతి బిడ్డకూ చదవడం, రాయడం, లెక్కలు చేయడం రావాలన్నది దాని గురి. పాతికేళ్ల సర్వీసున్న, ప్రాథమిక తరగతులు చెప్పే ఒక ఎస్‌జీటీ ఈ మార్పుల్లో చాలావాటిని తరగతి గదిలోనే చూసి ఉంటారు. పేరు మారినప్పుడల్లా శిక్షణ తరగతి జరిగింది, మాడ్యూలు చేతికొచ్చింది. కొత్త ప్రమాణానికి తగిన ప్రశ్న రాసే పనిలో సహోపాధ్యాయులతో కూర్చుని చేయి తిరిగే అవకాశం మాత్రం దొరకలేదు.

నిరంతర సమగ్ర మూల్యాంకనం (సీసీఈ) ఉద్దేశం మాత్రం చక్కనిది. ఎఫ్‌ఏకు 50 మార్కులు పెట్టి నాలుగు సాధనాలుగా పంచారు. పిల్లల భాగస్వామ్యం, ప్రతిస్పందనలు ఒకటి. రాత పని ఇంకొకటి. మూడోది ప్రాజెక్టు. మిగిలిన 20 మార్కులు స్లిప్ టెస్టుకు. తరగతిలో పిల్ల అడిగిన ప్రశ్నకూ, నోటు పుస్తకంలో సొంతంగా రాసిన వాక్యానికీ విలువ కట్టాలన్న ఆలోచన అందులో ఉంది. ఆచరణలో ఏమైందో ఆ రోజుల్లో బడికి వెళ్లిన ప్రతివారికీ తెలుసు. ప్రాజెక్టు పనులు స్టేషనరీ దుకాణాల్లో బొమ్మల కాగితాలుగా అమ్ముడుపోయాయి. భాగస్వామ్యానికి ఇచ్చిన పది మార్కుల్లో ఎనిమిదీ తొమ్మిదీ తప్ప వేరే అంకె కనిపించలేదు. పదో తరగతిలో 20 అంతర్గత మార్కులను ప్రైవేటు పాఠశాలలు విచ్చలవిడిగా వేస్తున్నాయన్న విమర్శ ముదిరి, 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాటిని ఎత్తేసింది. పరీక్ష మళ్లీ నూటికి నూరు మార్కుల రాతపరీక్ష అయింది. మార్కు వేయడంలో టీచరు తీర్పును ఎలా నమ్మదగినదిగా చేయాలన్న అసలు సమస్య జవాబు లేకుండానే మిగిలింది. తీర్పే వద్దనుకున్నారు.

తర్వాత రంగంలోకి సాంకేతికత వచ్చింది. ప్రపంచ బ్యాంకు 2021లో 25 కోట్ల డాలర్ల రుణంతో ఆమోదించిన, రాష్ట్ర బడుల్లో చదువును మెరుగుపరిచే సాల్ట్ పథకంలో తరగతి గది మూల్యాంకనం ఒక భాగం. 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది తరగతుల వారికి తరగతి గది ఆధారిత మూల్యాంకనం (సీబీఏ) పేరిట పరీక్షలు పెట్టారు. పిల్లలు ఓఎంఆర్ పత్రాల్లో వృత్తాలు దిద్దారు. వెనువెంటనే విశ్లేషణ వస్తుందన్నారు. 2025-26లో మూల్యాంకన పుస్తకాలు వచ్చాయి. ఏడాది పొడవునా పిల్లలు అందులోనే జవాబులు రాయాలి, టీచర్లు అందులోనే దిద్దాలి. ఉపాధ్యాయ సంఘాలు పనిభారం అంటూ అభ్యంతరం చెప్పాయి. ఆ అభ్యంతరాన్ని బద్ధకం కింద కొట్టిపారేయడం అన్యాయం. దిద్దడం, మార్కులు నమోదు చేయడం, యాప్‌లో ఎక్కించడం అనే మూడు పనుల్లో ఒక్కటీ పిల్లవాడికి తిరిగి పాఠం చెప్పడం కాదని టీచర్లకే బాగా తెలుసు.

పేపరు ఎక్కడ తయారవుతోందన్నది కూడా గమనించాలి. జిల్లా ఉమ్మడి పరీక్షల బోర్డు రోజుల నుంచీ బడి పరీక్షల ప్రశ్నపత్రం పైనుంచి దిగడం అలవాటైంది. మండల విద్యాధికారి (ఎంఈఓ) కార్యాలయానికి కట్టలుగా రావడం, హెచ్‌ఎం పొద్దున్నే వెళ్లి తెచ్చుకోవడం మామూలు దృశ్యం. 2024 డిసెంబరులో సంగ్రహణాత్మక (సమ్మేటివ్) పరీక్షల గణితం పేపర్లు ముందుగానే యూట్యూబ్‌లో ప్రత్యక్షమయ్యాయి. పరీక్ష వాయిదా పడింది. దానిమీద విచారణలు, హెచ్చరికలు నడిచాయి. కానీ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆరో తరగతి పిల్లవాడికి ఏం వచ్చో ఏం రాదో తెలుసుకోవడానికి పెట్టే పరీక్షకు అంత రహస్యం ఎందుకు అవసరమైంది? జ్వరం చూసే థర్మామీటరును ఎవరూ సీలు వేసిన కవరులో పెట్టరు.

నివేదికలు పంపిస్తే చాలు, టీచర్లు వాటిని చూసి బోధన మార్చుకుంటారన్న నమ్మకం పైస్థాయిలో గట్టిగా ఉంది. దానికి ఎదురుచెప్పే సాక్ష్యం మన నేలమీదే దొరికింది. 2005-06లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్‌తో కలిసి ప్రయోగాలు నడిపారు. లాటరీ పద్ధతిలో ఎంపిక చేసిన వంద బడుల్లో ఏడాది మొదట్లో పరీక్ష పెట్టి, ఏ పిల్లవాడు ఎక్కడ తడబడుతున్నాడో వివరంగా రాసిన నివేదికను టీచర్లకు ఇచ్చారు. తరగతి గదులను పరిశీలించడానికి మనుషులు వెళ్లినప్పుడు ఆ టీచర్లు మిగతా బడుల వారికంటే చురుగ్గా పనిచేస్తూ కనిపించారు. ఏడాది చివర విడిగా పరీక్ష పెట్టి చూస్తే మాత్రం ఆ పిల్లలు మిగతా బడుల పిల్లలకంటే మెరుగ్గా లేరు. ఆ ఫలితాలు 2010లో అచ్చయ్యాయి. వాటిలో ఇంకో సంగతి కూడా ఉంది. పిల్లల ప్రగతిని బట్టి బోనస్ ఇచ్చిన వేరే బడులకూ అవే నివేదికలు వెళ్లాయి. అక్కడ నివేదిక పనికొచ్చిందని చెప్పిన టీచర్ల పిల్లలు నిజంగానే బాగా రాశారు. అంటే కాగితంలో సరుకు ఉంది. దాన్ని తీసి వాడేందుకు కారణమూ తీరికా ఉన్నచోటే అది పనిచేసింది.

బోనస్ ఒక్కటే దారి అని దీనర్థం కాదు. ఇంగ్లండులో పాల్ బ్లాక్, డిలన్ విలియం 1998లో తరగతి గది మూల్యాంకనం మీద వచ్చిన పరిశోధనలన్నీ కూడగట్టి చదివాక, మెడ్వే, ఆక్స్‌ఫర్డ్‌షైర్ ప్రాంతాల్లోని ఆరు బడుల్లో గణితం, సైన్సు చెప్పే 24 మంది టీచర్లతో కలిసి పనిచేశారు. బడికి ఇద్దరు గణితం వారు, ఇద్దరు సైన్సు వారు. ఎవరూ ఒంటరి కాకూడదన్నది ఆ ఏర్పాటులోని కిటుకు. పరిశోధకులు రెడీమేడ్ పద్ధతి ఏదీ ఇవ్వలేదు. ప్రశ్న అడిగాక పిల్లలకు ఆలోచించే సమయం ఇవ్వడం, మార్కు బదులు మాట రాయడం, పిల్లలే ఒకరి పని ఒకరు చూసుకోవడం వంటివాటిని టీచర్లు తమ తరగతిలో ప్రయత్నించి, మళ్లీ కలిసి కూర్చుని చెప్పుకున్నారు. పిల్లల ఫలితాలు మెరుగయ్యాయి. జపాన్‌లో ఒక పాఠాన్ని ఉపాధ్యాయ బృందం కలిసి తయారుచేసి, ఒకరు చెబుతుంటే మిగతావారు పిల్లలను గమనించే పద్ధతి దశాబ్దాలుగా సాగుతోంది. కలిసి కూర్చుని చేస్తేనే ఈ పని ఒంటబడుతుందని ఈ అనుభవాలన్నీ చెబుతున్నాయి.

ఆ కూర్చోవడం ఎలా ఉంటుందో గాజువాకలోనో పెందుర్తిలోనో ఒక ఉన్నత పాఠశాలను ఊహించుకుని చూడవచ్చు. చుట్టుపక్కల బళ్ల కూటమి అయిన స్కూల్ కాంప్లెక్స్ పరిధిలోని ఐదారుగురు గణితం టీచర్లు ఒక బల్ల చుట్టూ చేరారనుకుందాం. మొదట చెప్పుకున్న ఆ నలభై చదరపు సెంటీమీటర్ల ప్రశ్ననే ముందు పెట్టుకుంటారు. అడగాల్సిన మొదటి మాట ఒకటే: దీనికి పిల్లవాడు సరిగ్గా రాస్తే మనకేం తెలుస్తుంది? గుణకారం వచ్చని తెలుస్తుంది. ప్రమాణం అడిగింది అది కాదు కనుక ప్రశ్న మార్చాలి. కొంతసేపటికి ఇలాంటిది బయటికొస్తుంది: బడి పెరట్లో 12 మీటర్ల తాడుతో దీర్ఘచతురస్రాకారపు మడి కట్టాలి. భుజాలు పూర్తి మీటర్లలో ఉండాలి. ఎన్ని రకాలుగా కట్టొచ్చు? ఏ మడిలో చోటు ఎక్కువ? ఎందుకు?

అయిదు బై ఒకటి, నాలుగు బై రెండు, మూడు బై మూడు. చోటు వరుసగా 5, 8, 9 చదరపు మీటర్లు. ఇదే ప్రశ్నను ఎవరి తరగతిలో వారు అడిగి జవాబులు తెస్తే అసలు పని మొదలవుతుంది. ఒక పిల్ల అన్ని మడుల్లోనూ చోటు సమానమే అంటుంది. తాడు ఒకటే కదా అన్నది ఆమె వాదన. చుట్టుకొలతనూ వైశాల్యాన్నీ ఆమె ఒకటిగా చూస్తోంది. ఇంకొకడు మొదటి రెండు బొమ్మలే గీసి ఆగిపోతాడు. చతురస్రం కూడా దీర్ఘచతురస్రమేనన్నది అతనికి ఎవరూ చెప్పలేదు, లేదా చెప్పినా ఎక్కలేదు. మరొకరు పన్నెండును ఒక భుజంగా తీసుకుంటారు. నాలుగో పిల్లవాడు మూడు బొమ్మలూ గీసి, మూడు లెక్కలూ చేసి, ఎందుకు అన్నచోట ఖాళీ వదిలేస్తాడు. మార్కుల రిజిస్టరులో ఈ నలుగురూ ఇంచుమించు ఒకే అంకె దగ్గర కనిపిస్తారు. మొదటి పిల్లకు గళ్ల కాగితం కావాలి. రెండో పిల్లవాడికి అయిదు నిమిషాల మాట చాలు. మూడో బిడ్డ తాడు పట్టుకుని పెరట్లోకి వెళ్లాలి. నాలుగోవాడికి లెక్క వచ్చు. తన ఆలోచనను వాక్యంగా పెట్టే అలవాటు లేదు. విద్యాప్రమాణాల జాబితాలో వ్యక్తపరచడం అని రాసి ఉన్నది సరిగ్గా ఈ సంగతే. పుస్తకం అట్ట వెనక చదివితే పొడిమాటగా తోచే ప్రమాణం నాలుగు జవాబు పత్రాలు పక్కపక్కన పెట్టగానే ప్రాణం పోసుకుంటుంది.

ఒక్క టీచరు తన గదిలో ఒంటరిగా ఇది చేయలేరా? చేయగలరు, కొందరు చేస్తూనే ఉన్నారు. అయితే ఎవరి కన్ను వారిది. అమెరికాలో 1913లో స్టార్చ్, ఎలియట్ అనే ఇద్దరు ఒకే జామెట్రీ జవాబు పత్రాన్ని వందమందికి పైగా టీచర్లకు పంపి దిద్దమన్నారు. నూటికి 28 నుంచి 95 దాకా మార్కులు పడ్డాయి. గణితంలోనే ఇంత తేడా. ఇక తెలుగులో స్వీయరచనకు మార్కులు వేసేటప్పుడు ఒకరు గుణింతాల తప్పులు లెక్కపెడతారు, ఒకరు భావం చూస్తారు, ఒకరు దస్తూరీకి లొంగిపోతారు. ఒకే పిల్ల రాసిన ఒకే పేరాను నలుగురు టీచర్లు విడివిడిగా దిద్ది, తర్వాత బల్ల మీద పెట్టి ఎందుకలా వేశామో చెప్పుకోవడం ఈ రోగానికి తెలిసిన మందు. ఆ వాదులాటలోంచే మంచి జవాబు అంటే ఏమిటన్న ఉమ్మడి అవగాహన పుడుతుంది. అంతర్గత మార్కుల మీద జనం నమ్మకం పోకుండా కాపాడగలిగింది కూడా ఇలాంటి అలవాటే. అది లేకుండా 20 మార్కులు టీచర్ల చేతికి ఇవ్వడమూ తప్పే, అది నేర్పకుండా వాటిని లాగేసుకోవడమూ తప్పే.

మార్కుల సంగతిలో మరో పరిశోధన గుర్తుంచుకోదగ్గది. ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన అధ్యయనంలో కొందరు పిల్లలకు మార్కులే ఇచ్చారు, కొందరికి వ్యాఖ్య మాత్రమే రాశారు, కొందరికి రెండూ ఇచ్చారు. వ్యాఖ్య మాత్రమే అందిన పిల్లలు ముందుకు సాగారు. మార్కుతో పాటు వ్యాఖ్య రాసినచోట ఆ మేలు కనిపించలేదు. మార్కు కనబడితే పిల్లల చూపు అక్కడే ఆగిపోతుందని అర్థం. మన మూల్యాంకన పుస్తకాల్లో అంకె వేయడానికి గడి ఉన్నట్టే, టీచరు ఒక్క వాక్యం రాయడానికీ, పిల్లవాడు ఆ తప్పు తిరిగి చేసి చూపడానికీ చోటు ఉండటం అంతకంటే ముఖ్యం.

విశాఖ తరగతి గదికి ఇంకో చిక్కు ఉంది. 1933లో తెరుచుకున్న ఓడరేవు, తర్వాత నౌకానిర్మాణం, చమురు శుద్ధి, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం ఈ ఊరికి నలుమూలల నుంచీ మనుషులను తెచ్చాయి. శ్రీకాకుళం వలస కుటుంబాల పిల్లలు, ఒడియా, హిందీ ఇంట్లో మాట్లాడే పిల్లలు, ఉక్కు నిర్వాసిత కాలనీల పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. 2020-21 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిషు మీడియం పెరిగి, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిషుగా పుస్తకాలు వచ్చాయి. ఈ గదిలో పదాల లెక్క ఇచ్చినప్పుడు పిల్లవాడు తప్పు చేస్తే అది లెక్కలో తప్పా, భాషలో తప్పా? బొమ్మతో ఒకసారి, నోటితో ఒకసారి, రాతతో ఒకసారి అడిగి చూస్తే తప్ప తెలియదు. అన్ని బళ్లకూ ఒకే రోజు ఒకే పేపరు పంపితే అది ఎన్నటికీ తెలియదు.

భాషకు సంబంధించి ప్రమాణాన్నే నిలదీయాల్సిన సందర్భాలూ ఉన్నాయి. నిపుణ్ లక్ష్యాల ప్రకారం మూడో తరగతి బిడ్డ అర్థం చేసుకుంటూ నిమిషానికి కనీసం 60 పదాలు చదవాలి. తెలుగులో 'వెళ్లిపోతున్నప్పుడు' అనేది ఒకే పదం. అదే భావానికి ఇంగ్లిషులోనో హిందీలోనో మూడు నాలుగు చిన్న పదాలు పడతాయి. పదాల లెక్క భాషను బట్టి మారాలని గుర్తించే, 2022 మార్చిలో దేశవ్యాప్తంగా జరిపిన మౌలిక అభ్యసన అధ్యయనంలో ఏ భాషకు ఆ భాషకు వేరు కొలమానం తయారుచేశారు. సవరణ పైనుంచి రావడం మంచిదే. తన తరగతిలో పాతికమంది పిల్లల చేత చదివించి విన్న ఒకటో తరగతి టీచరుకు ఈ తేడా ఏ అధ్యయనమూ లేకుండానే తెలుసు. ఆమె మాట పైకి వెళ్లే మార్గమే లేదు.

మార్గం కొత్తగా వేయాల్సిన పని లేదు, పాతది బాగుచేస్తే చాలు. చుట్టుపక్కల బళ్లన్నీ ఒక కూటమిగా పనిచేయాలన్న స్కూల్ కాంప్లెక్స్ ఆలోచన 1964-66 నాటి కొఠారీ కమిషన్‌ది. 2020 జాతీయ విద్యావిధానం దానికి ప్రత్యేకంగా అధ్యాయమే కేటాయించింది. ప్రతి టీచరుకూ ఏడాదికి 50 గంటల వృత్తి వికాసం ఉండాలనీ అదే విధానం చెప్పింది. అంతకు చాలా ముందే, బ్రిటిష్ సాయంతో 1980ల మధ్యలో చిన్నగా మొదలై 1989 నుంచి 1996 దాకా రాష్ట్రమంతా నడిచిన ప్రాథమిక విద్యా పథకాన్ని పాతతరం టీచర్లు 'అప్పెప్' అని ఇప్పటికీ తలుచుకుంటారు. టీచర్లు తాము చేసిన పనిని పట్టుకొచ్చి, గోడలకు అతికించి, ఒకరికొకరు చూపించుకునే ఉపాధ్యాయ కేంద్రాలు ఆ పథకంలో పుట్టినవే. డబ్బు ఆగాక కేంద్రాలూ చల్లబడ్డాయి. సమావేశం అనే ఆచారం మాత్రం కాంప్లెక్స్, క్లస్టర్ అంటూ పేర్లు మార్చుకుంటూ మిగిలింది.

ఇప్పుడు ఆ సమావేశపు మధ్యాహ్నం ఎలా గడుస్తోంది? పైనుంచి వచ్చిన ఎజెండా చదువుతారు. యూట్యూబ్‌లో ప్రసంగం చూపుతారు. యాప్‌లో పెండింగ్ ఉన్న బళ్ల పేర్లు చదువుతారు. ఫొటో దిగి అప్‌లోడ్ చేస్తారు. గంట మిగిలితే నమూనా పాఠం. జవాబు పత్రాల కట్ట ఆ గదిలోకి రావడం అరుదు. టీచర్లు ఆ పూటను వృథా అనుకుంటే తప్పు వారిది కాదు. ఇద్దరే టీచర్లున్న ప్రాథమిక బడి నుంచి ఒకరు రావాలంటే రెండోవారు అయిదు తరగతులూ చూసుకోవాలి. ఆ త్యాగానికి తగ్గ ఫలం సమావేశంలో దొరకాలి.

ఈ జిల్లాకు వనరులు లేవని అనలేం. భీమునిపట్నంలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే జిల్లా సంస్థ డైట్ ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో విద్యాశాస్త్ర విభాగం ఉంది. మహావిశాఖ నగరపాలక సంస్థ సొంతంగా బళ్లు నడుపుతోంది. నగరంలో బడులు దగ్గర దగ్గరగా ఉన్నాయి కనుక ఒకే సబ్జెక్టు టీచర్లు కలవడం మన్యంలో కంటే ఎంతో తేలిక. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన తర్వాత విశాఖ పరిధి చిన్నదైంది కూడా. నగరంలో వేలాది మంది పిల్లలు చదివే ప్రైవేటు బళ్లు ఈ సమావేశాలకు బయటే ఉండిపోతున్నాయి. వారానికో పరీక్ష, ర్యాంకుల జాబితా తప్ప వేరే మూల్యాంకనం ఎరగని అక్కడి టీచర్లకు కూడా ఇదే బల్ల దగ్గర చోటు ఇవ్వాలి. పిల్లలు ఎవరి బడిలో చదివినా ఈ ఊరి పిల్లలే.

విద్యాశాఖ చేయాల్సింది ఏమంత పెద్ద పని కాదు. ఎఫ్‌ఏ ప్రశ్నపత్రం రాసే పనిని కాంప్లెక్స్‌లోని సబ్జెక్టు బృందాలకు వదలాలి. ఎస్‌సీఈఆర్‌టీ మంచి నమూనా ప్రశ్నలు ఇచ్చి పక్కకు జరగాలి. ఎఫ్‌ఏ మార్కులతో బడులకు ర్యాంకులు కట్టడం ఆపాలి. అలా కడితే నిజం రాసే టీచరే నష్టపోతారు. సీబీఏ నివేదిక అయినా, మూల్యాంకన పుస్తకం అయినా, దాన్ని చదివి మాట్లాడుకునేందుకు పని గంటల్లోనే సమయం చూపించాలి. నమోదు పని తగ్గించకుండా ఈ సమయం ఎక్కడినుంచో ఊడిపడదు. డైట్ అధ్యాపకులు మాడ్యూళ్లు చదివి వినిపించడం మాని, ఆ బల్ల దగ్గర ఒక కుర్చీ లాక్కుని కూర్చోవాలి.

అప్పటిదాకా ఆగాల్సిన పని కూడా లేదు. వచ్చే కాంప్లెక్స్ సమావేశానికి వెళ్లే ప్రతి టీచరూ తమ తరగతి నుంచి నాలుగు జవాబు పత్రాలు సంచిలో వేసుకు వెళ్లండి. బాగా రాసినవీ, బొత్తిగా రాయనివీ వద్దు. సగం రాసి ఆగిపోయినవి తీసుకెళ్లండి. ఎజెండా అయిపోయాక పక్కనున్న టీచరు ముందు వాటిని పెట్టి, ఈ పిల్ల ఎక్కడ ఆగిందో చూసి చెప్పమని అడగండి.